పలాస జీడి ఆఫీసులో మూలనపడ్డ డెస్క్‌టాప్: టాలీ లెక్కలకు కాపలా మెషిన్‌గా మార్చిన కేస్ స్టడీ

పలాస–కాశీబుగ్గలో ఒక చిన్న జీడి ఫ్యాక్టరీ. పిక్కల కొనుగోలు, కూలీల లెక్క, పప్పు డబ్బాల బిల్లింగ్ అన్నీ ఒకే గదిలో, ఒకే కంప్యూటర్ మీద నడుస్తాయి. ఆ కంప్యూటర్ పాతబడి కొత్తది కొన్నారు. పాతది మానిటర్‌తో సహా బల్లకింద చేరింది. దీనికి పనికొచ్చే పని ఏదైనా ఉందా, లేక పాత ఇనుము ధరకు ఇచ్చేయాలా అన్నదే ప్రశ్న.

మెషిన్ వివరాలు: ఇంటెల్ ఐ3-2120 ప్రాసెసర్, హెచ్61 బోర్డు, 2 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు రెండు, 500 జీబీ హార్డ్ డిస్క్, పేరులేని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే డబ్బా), డీవీడీ డ్రైవ్, 18.5 అంగుళాల వీజీఏ మానిటర్. లోపల విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14నే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది.

ఏ పనికి పెట్టాలి

సాధారణంగా ఇక్కడే తోవ తప్పుతారు. "ఈ మెషిన్‌తో ఏమేం చేయొచ్చు" అని మొదలుపెడితే జాబితా చాంతాడంత అవుతుంది, నెల తిరిగేసరికి మెషిన్ మళ్లీ బల్లకిందకే పోతుంది. "ఈ గదిలో రేపు ఏది పోతే పని ఆగిపోతుంది" అని అడిగితే జవాబు వెంటనే దొరికింది. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా. ఐదేళ్ల లెక్కలు కొత్త కంప్యూటర్‌లో ఒకే ఒక్క చోట ఉన్నాయి. బ్యాకప్ అంటే అకౌంటెంటు గుర్తొచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి చేసే కాపీ. ఆ పెన్‌డ్రైవ్ కూడా అదే బల్ల సొరుగులో ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు స్తంభాలు పడిపోయాయి. అలాంటి రోజున గదిలోకి నీళ్లొస్తే కంప్యూటరూ పోతుంది, సొరుగులోని పెన్‌డ్రైవూ పోతుంది.

మిగతా ఆలోచనలను పక్కన పెట్టడానికి కారణాలున్నాయి. రెండో బిల్లింగ్ కంప్యూటర్‌గా పెడదామంటే విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో గడువు తీరింది. విండోస్ 11కి ఎనిమిదో తరం ఇంటెల్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) కావాలి. ఇది రెండో తరం ప్రాసెసర్. సీసీ కెమెరాల రికార్డింగ్‌కి డీవీఆర్ ముందే ఉంది. ఇంటర్నెట్ ప్రకటనలను అడ్డుకునే డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లకు అడ్రస్ చెప్పే) సర్వర్‌గా పెట్టడం బాగానే ఉంటుందిగానీ, రాత్రి ఆపేసే మెషిన్‌కి డీఎన్‌ఎస్ అప్పగిస్తే అది ఆగినప్పుడల్లా గదిలో ఇంటర్నెట్ మొత్తం ఆగుతుంది. బడికి ఇవ్వడం మంచి ఆలోచనే. కానీ ఈ మెషిన్ ఉన్న స్థితిలో ఇస్తే వాళ్లకు అప్పగించేది మరమ్మతు భారమే.

కాబట్టి ఒకే పని: రోజూ తనంతట తానే టాలీ డేటా, స్కాన్ చేసిన బిల్లులు కాపీ తీసుకుని దాచే మెషిన్. దీనికి వేగం అవసరం లేదు. నమ్మకం కావాలి. పాత డెస్క్‌టాప్‌కి ఇంతకంటే తగిన పని దొరకడం కష్టం.

మెషిన్‌ని పరీక్షించడం

నమ్మకం కావాల్సిన పని కనుక విడిభాగాల పరీక్షకే రెండు రోజులు పట్టింది. ఈ దశ తొందరగా ముగించకూడదు.

మూత తీయగానే కనిపించింది జీడిపొట్టు. గింజ ఒలిచే గది పక్కనే ఆఫీసు. పొట్టు సన్నటి పొడిగా గాలిలో తేలుతుంది. పిక్కలు వేడిచేసేటప్పుడు వచ్చే జిడ్డు ఆవిరి దానికి తోడై ఫ్యాన్ రెక్కల మీద, హీట్‌సింక్ సందుల్లో అట్టలా పేరుకుంది. బ్లోయర్‌తో ఊదితే పైపైనే పోతుంది. ఫ్యాన్ విప్పి, హీట్‌సింక్‌ను బోర్డు నుంచి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దితేనే వదిలింది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోవాలి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పోతుంది. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాక, ఊరికే ఉన్నప్పుడు 61 డిగ్రీలున్న ప్రాసెసర్ 40కి దిగింది. ఇంటెల్ హీట్‌సింక్‌కి నాలుగు నొక్కుడు పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి నొక్కాలి. నొక్కాక బోర్డు వెనక్కి తిప్పి నాలుగు తెల్ల కాళ్లూ బయటికి వచ్చాయో లేదో చూడాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా హీట్‌సింక్ ఓ పక్కకు ఒరిగి మళ్లీ వేడెక్కుతుంది.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. చెడిపోతే తనతోపాటు మిగతావాటినీ తీసుకుపోయే భాగం ఇదే. మల్టీమీటర్‌తో మోలెక్స్ కనెక్టర్ దగ్గర చూస్తే పసుపు తీగ మీద 11.3 వోల్టులు వచ్చింది. 12 వోల్టులకు అటూ ఇటూ 5 శాతం, అంటే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఎరుపు తీగ మీద 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి, అది బాగానే ఉంది. గాలి సందుల్లోంచి చూస్తే ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. ఇక వాదన లేదు, మార్చాల్సిందే. దాని డబ్బా విప్పి బాగుచేయబోవద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు.

ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే పరీక్షా సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా నడిపారు. పొద్దుటికి ఎర్ర గీతలు. స్టిక్‌ల బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది ఒక్కొక్కటీ విడిగా మళ్లీ నడిపితే ఒకటి శుభ్రంగా వచ్చింది, రెండోది మళ్లీ తప్పులు చూపింది. దాని స్థానంలో 4 జీబీ స్టిక్ వేశారు, మొత్తం 6 జీబీ. ఇక్కడ కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. చవగ్గా దొరికే కొన్ని డీడీఆర్3 స్టిక్‌లు ఏఎండీ బోర్డుల మీదే నడుస్తాయి, ఇంటెల్ బోర్డులో పెడితే తెర నల్లగానే ఉండిపోతుంది. చిప్పులు లెక్కపెట్టినంత మాత్రాన వీటిని గుర్తించలేం, ఇంటెల్‌లో నడుస్తుందని అడిగి కొనాలి. 4 జీబీ స్టిక్‌కి నాలుగే నల్ల చిప్పులుంటే మాత్రం ఈ తరం ఇంటెల్‌కి పనికిరాదు. బ్యాకప్ మెషిన్‌లో చెడ్డ ర్యామ్ మామూలు మెషిన్‌లో కంటే ప్రమాదం. కాపీ అయ్యే ఫైలు దారిలో పాడవుతుంది, ఎవరికీ తెలియదు. అవసరమైన రోజునే బయటపడుతుంది.

హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో చూడాల్సినవి నాలుగే: 5, 197, 198, 199 నంబర్లు. 5 అంటే పాడై పక్కన పెట్టిన సెక్టార్లు. 197 అంటే చదవలేక పెండింగ్‌లో ఉన్నవి. 198 పరీక్షలో బాగుపడనివి. 199 మాత్రం డిస్క్ తప్పు కాదు, ఎక్కువగా డిస్క్‌ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ తప్పు. ఈ డిస్క్‌లో 5వ నంబరు 24, 197వ నంబరు 8. సినిమాలు దాచుకోవడానికైతే ఇంకొన్నాళ్లు వాడొచ్చేమో. ఒకే పని బ్యాకప్ అయిన మెషిన్‌లో ఆ డిస్క్ ఉండకూడదు. 197 సున్నా కాకపోతే డిస్క్ మార్చాలన్నది ఈ పనిలో రాజీపడకూడని నియమం.

చివరికి బటన్ సెల్, సీఆర్2032. మూడు వోల్టులుండాల్సింది 2.4 ఉంది. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. బ్యాకప్ మెషిన్‌కి తేదీ తప్పితే ఏ కాపీ కొత్తదో ఏది పాతదో తెలియదు. చిల్లర ఖర్చే, ఆలోచించకుండా మార్చాలి.

పెట్టిన సామాను: 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, సిస్టమ్ కోసం. 1 టీబీ కొత్త హార్డ్ డిస్క్ ఒకటి, డేటా కోసం. 4 జీబీ ర్యామ్, 400 వాట్ల మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్, బటన్ సెల్, థర్మల్ పేస్ట్, రెండు సాటా కేబుళ్లు. అప్పటి ధరల్లో ఇవన్నీ తొమ్మిది వేల లోపే అయ్యాయి. వీటికి తోడు 1 టీబీ యూఎస్‌బీ డిస్కులు రెండు. డీవీడీ డ్రైవ్, పాత డిస్క్ తీసేశారు. హెచ్61 బోర్డులో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే, ఎస్‌ఎస్‌డీకి ఉన్న శక్తిలో సగమే అందుతుంది. అయినా నష్టం లేదు, నెట్‌వర్క్ కేబుల్ అంతకంటే నెమ్మది.

సిస్టమ్ ఎక్కించడం

డెబియన్ లైనక్స్ మీద నడిచే ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌మీడియావాల్ట్ ఎంచుకోవడానికి కారణం, మెషిన్‌కి తెర లేకుండా పక్క కంప్యూటర్ బ్రౌజర్‌లోంచే అన్నీ చూసుకోవచ్చు. అలాంటిదే అయిన ట్రూనాస్ కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది, ఈ పనికి అది అవసరానికి మించినది. ఎక్కించే ముందు బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్‌ల్లో) నాలుగు మార్పులు చేశారు.

డిస్క్‌తో మాట్లాడే సాటా మోడ్‌ను పాత పద్ధతి ఐడీఈ నుంచి కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చారు. పాత మెషిన్‌లలో చాలావాటికి ఐడీఈలోనే వదిలేసి ఉంటారు. "హాల్ట్ ఆన్" అన్నచోట "నో ఎర్రర్స్" పెట్టారు. లేకపోతే కీబోర్డు తీసేసిన మర్నాడు, కీబోర్డు లేదంటూ నల్ల తెర మీదే ఆగిపోతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్న సెట్టింగ్‌లో "ఆఫ్‌లోనే ఉండు" ఎంచుకున్నారు. చాలామంది ఇక్కడ "ఆన్ అవ్వు" పెడతారు. గాలివాన రాత్రుల్లో కరెంటు పది నిమిషాల్లో ఐదుసార్లు వచ్చి పోయే ఊళ్లో అది డిస్క్‌కి మంచిది కాదు. నాలుగోది, రోజూ పొద్దున తనంతట ఆన్ అయ్యే ఆర్‌టీసీ (బోర్డు గడియారం) అలారం.

ఈ అలారం దగ్గర ఓ చిక్కు ఉంది. లైనక్స్ బోర్డు గడియారాన్ని యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైములో ఉంచుతుంది, మన టైముకి ఐదున్నర గంటలు వెనక. పొద్దున 8:30కి లేవాలని బయోస్‌లో 8:30 అని పెడితే మెషిన్ మధ్యాహ్నం రెండింటికి లేస్తుంది. పెట్టాల్సింది 3:00. ఇక్కడ రెండు రోజులు అలాగే జరిగాక కారణం దొరికింది.

ఎస్‌ఎస్‌డీ మీద సిస్టమ్, డేటా డిస్క్‌కి ఎక్స్‌ట్4 ఫార్మాట్. ఓపెన్‌మీడియావాల్ట్ ఇన్‌స్టాల్ చేసే డిస్క్‌ను మొత్తం తానే వాడుకుంటుంది, అందుకే సిస్టమ్‌కి వేరే చిన్న డిస్క్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డేటా డిస్క్ కేబుల్ పీకేసి ఉంచితే పొరపాటున దాన్ని చెరిపేసే అవకాశమే ఉండదు. మొదటిసారి లాగిన్ పాస్‌వర్డ్ లోకమందరికీ తెలిసినదే, లోపలికి వెళ్లగానే మార్చాలి. రౌటర్‌లో ఈ మెషిన్‌కి 192.168.1.10 అనే అడ్రస్ శాశ్వతంగా కేటాయించారు. లేకపోతే రౌటర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ అడ్రస్ మారి కాపీ ఆగిపోతుంది.

మొదటి పరీక్షలో ఫైళ్లు సెకనుకు 11 ఎంబీ వేగంతోనే వెళ్లాయి. ఆ అంకె కనబడితే లింక్ 100 మెగాబిట్ల దగ్గర నిలిచిందని అర్థం. బోర్డుది గిగాబిట్ పోర్టే. కేబుల్ చివర చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేసి ఉన్నాయి. కెమెరాల కోసం లాగినప్పుడు మిగిలిన కేబుల్ అది. కొత్త క్యాట్6 ముక్కకు ఎనిమిదీ క్రింప్ చేస్తే 110 దాకా వచ్చింది. కొన్ని చవక హెచ్61 బోర్డుల్లో పోర్టే 100 మెగాబిట్లది ఉంటుంది. ఈ పనికి అదైనా చాలు, కాకపోతే మొదటి కాపీకి ఓపిక పట్టాలి.

కాపీ నడిచే తీరు

అకౌంటెంటు కంప్యూటర్ విండోస్ 11. షేర్ ఫోల్డర్‌ని పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచి పెడితే విండోస్ 11 ప్రోలో తెరుచుకోదు. 24హెచ్2 వెర్షన్ నుంచి గెస్ట్ లాగిన్ ముందే మూసి ఉంటుంది, సైనింగ్ (ప్రతి సందేశానికీ డిజిటల్ ముద్ర) అడుగుతుంది. పాత అలవాటుతో రిజిస్ట్రీ మార్చి గెస్ట్‌ను మళ్లీ తెరవడం కంటే, పేరూ పాస్‌వర్డూ ఉన్న యూజర్‌ని సాంబాలో (సర్వర్ ఫోల్డర్లను షేర్ చేసే సాఫ్ట్‌వేర్) పెట్టడం రెండు నిమిషాల పని. గది మూలన కాటా స్లిప్పుల కోసం ఇంకా విండోస్ ఎక్స్‌పీ మెషిన్ ఒకటి ఉంది. అది ఎస్‌ఎంబీ 1 అనే పాత, భద్రత లేని షేరింగ్ పద్ధతి మాత్రమే మాట్లాడుతుంది. దాని కోసం ఎస్‌ఎంబీ 1 తెరవలేదు. ఒక్క స్లిప్పుల మెషిన్ కోసం లెక్కలన్నిటి తలుపు తీయడం తగదు.

అసలు కిటుకు ఇక్కడుంది. బ్యాకప్ ఫోల్డర్‌కి విండోస్ కంప్యూటర్ నుంచి రాసే హక్కు ఉంటే, ఆ కంప్యూటర్‌కి రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బడిగే వైరస్) పట్టిన రోజున బ్యాకప్ కూడా లాక్ అయిపోతుంది. అందుకని రెండంచెలు పెట్టారు. మొదటిది "ఇన్‌వార్డ్" అనే షేర్. విండోస్ ఫైళ్లు పడేసేది ఇందులోనే. రెండోది "బీరువా" అనే ఫోల్డర్. అది నెట్‌వర్క్‌లో కనిపించనే కనిపించదు. ఇన్‌వార్డ్‌లో పడ్డవాటిని సర్వరే లోపల్నుంచి బీరువాలోకి తీసుకుంటుంది.

సాయంత్రం 6:30కి అకౌంటెంటు టాలీలో డేటా మెనూలోని బ్యాకప్ నొక్కి, కంపెనీ మూసి, టాలీ మూస్తారు. 7:00కి విండోస్ టాస్క్ షెడ్యూలర్ రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో టాలీ డేటా ఫోల్డర్, టాలీ బ్యాకప్ ఫోల్డర్, స్కాన్ల ఫోల్డర్ మూడూ ఇన్‌వార్డ్‌లోకి పంపుతుంది. 7:30కి సర్వర్‌లో ఇన్‌వార్డ్ నుంచి బీరువాలోకి కాపీ తీసే ఆర్‌స్నాప్‌షాట్ అనే ప్రోగ్రామ్ నడుస్తుంది. అది ముగిశాక అదే స్క్రిప్టు మెషిన్‌ని ఆపేస్తుంది. ఫలానా టైముకి ఆపేయమని విడిగా పెట్టలేదు, కాపీ మధ్యలో ఆగిపోకుండా.

రోబోకాపీకి "మిర్రర్" ఆప్షన్ వాడలేదు. మిర్రర్ అంటే అక్కడ లేనిది ఇక్కడా చెరిపేయడం. ఎవరైనా పొరపాటున అసలు ఫోల్డర్ ఖాళీ చేస్తే ఇన్‌వార్డ్ కూడా ఖాళీ అవుతుంది. టాస్క్‌లో జడ్ డ్రైవ్ లాంటి అక్షరం కూడా వాడకూడదు. ఎవరూ లాగిన్ అయి లేనప్పుడు నడిచే టాస్క్‌కి ఆ మ్యాప్ చేసిన డ్రైవ్ కనిపించదు. రెండు వాలుగీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాయాలి.

ఆర్‌స్నాప్‌షాట్ రోజువారీ 7, వారానికి 4, నెలకు 12 కాపీలు ఉంచుతుంది. మారని ఫైలుని హార్డ్ లింక్‌తో (ఉన్న ఫైలుకే ఇంకో పేరు) చూపిస్తుంది, రెండోసారి చోటు తీసుకోదు. స్కాన్లు 9 జీబీ ఉన్నాయి, ఒకసారి పడ్డాక మారవు. టాలీ ఫోల్డర్ 600 ఎంబీ, దాని ఫైళ్లు రోజూ మారతాయి కనుక ప్రతి కాపీ కొత్తగా చోటు తీసుకుంటుంది. 23 కాపీలకు సుమారు 14 జీబీ. స్కాన్లతో కలిపి 23 జీబీ. 1 టీబీ డిస్క్‌లో ఇది మూలకు సరిపోతుంది. అందుకే పెద్ద డిస్కుల మీద డబ్బు పోయవద్దని, ముందు ఫోల్డర్ సైజు చూడమని చెప్పడం. రెండు డిస్కుల మీదా ఒకేసారి రాసే రెయిడ్ కూడా పెట్టలేదు. రెయిడ్ డిస్క్ పోయినప్పుడు పని ఆగకుండా కాపాడుతుందేగానీ, చెరిపేసిన ఫైలుని తిరిగివ్వదు. ఇక్కడ ఒక రోజు సర్వర్ ఆగినా ఫ్యాక్టరీ ఆగదు. ఆ డబ్బు బయటికి తీసుకుపోయే డిస్కులకు వెళ్లింది.

ఆర్‌స్నాప్‌షాట్ కాన్ఫిగ్ ఫైలులో మాటల మధ్య ట్యాబ్ ఉండాలి, స్పేస్ కాదు. ఫోల్డర్ పేర్ల చివర వాలుగీత కూడా తప్పకూడదు. మొదటిసారి చేసేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వారపు కాపీ ఆదివారం పెట్టకూడదు, ఆఫీసు సెలవు, మెషిన్ ఆఫ్. శనివారం 7:15కి, రోజువారీ దానికంటే ముందు పెట్టారు. నెల కాపీని ఒకటో తారీఖుకి పెడితే అది ఆదివారమైన నెలలో కాపీయే ఉండదు. మొదటి శనివారం అని క్రాన్‌లో (లైనక్స్ టైమ్‌టేబుల్) నేరుగా రాయబోతే తారీఖూ వారమూ రెండిటిలో ఏది కుదిరినా నడిచేస్తుంది. కనుక వారం మాత్రమే క్రాన్‌లో రాసి, తారీఖు ఏడు లోపు ఉందా అన్నది స్క్రిప్టులో చూడాలి.

సర్వర్ ఈమెయిల్ పంపేలా పెట్టొచ్చు, కానీ ఆ ఆఫీసులో ఈమెయిల్ రోజూ చూసేవాళ్లు లేరు. దానికి బదులు స్క్రిప్టు చివర్న ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాస్తుంది: చివరి కాపీ తేదీ, ఫైళ్ల సంఖ్య, డిస్క్‌లో మిగిలిన చోటు, 197వ నంబరు. అకౌంటెంటు డెస్క్‌టాప్ మీద దానికి షార్ట్‌కట్. పొద్దున్నే తెరిచి ఆ తేదీని చిట్టాలో పైన రాస్తారు. చిట్టా యజమాని కంటపడుతుంది కనుక, కాపీ ఆగితే మర్నాటికే తెలుస్తుంది.

ఆఫీసు దాటించే కాపీ

ఒకే గదిలో మూడు కాపీలున్నా తుపానుకి అవి ఒకే కాపీ. శనివారం ఒక యూఎస్‌బీ డిస్క్‌ని సర్వర్‌కి తగిలించి బీరువాలోని తాజా కాపీని అందులోకి తీస్తారు. ఆ డిస్క్ యజమాని ఇంటికి పోతుంది, ఇంట్లో ఉన్న రెండోది వచ్చే శనివారం వస్తుంది. ఈ డిస్కులకు మాత్రం ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్. ఎక్స్‌ట్4 అయితే అవసరమైన రోజున చేతికందిన విండోస్ ల్యాప్‌టాప్‌లో తెరుచుకోదు.

ఇల్లూ ఫ్యాక్టరీ రెండూ పలాసలోనే. అందుకని టాలీ బ్యాకప్ ఒక్కదాన్ని, కుదించి పాస్‌వర్డ్ పెట్టి వారానికోసారి క్లౌడ్‌లో వేస్తారు. కుదించాక అది 60 ఎంబీ లోపే, ఫోన్ హాట్‌స్పాట్ మీదైనా వెళ్లిపోతుంది. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే శనివారం దాకా ఆగరు, ఆ సాయంత్రమే డిస్క్ తీసుకుపోతారు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇది గోడ మీద రాసి పెట్టిన నియమం.

కరెంటు, చోటు

ప్లగ్‌కి పెట్టే వాట్ మీటర్‌తో కొలిస్తే పాత ఎస్‌ఎంపీఎస్, డీవీడీ, పాత డిస్క్‌తో ఊరికే ఉన్నప్పుడు 46 వాట్లు. మార్చాక 34. రోజుకి 11 గంటలు, నెలకి 26 రోజులు లెక్కేస్తే సుమారు 10 యూనిట్లు. ఇరవైనాలుగు గంటలూ వదిలేస్తే 24 యూనిట్లు దాటుతుంది. రాస్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు ఐదు వాట్లతో నడుస్తుంది నిజమే, కానీ దానికి డిస్క్‌ని యూఎస్‌బీ మీద వేలాడదీయాలి, బోర్డూ కొనాలి. ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిన పనికైతే పాత డెస్క్‌టాప్ వద్దు. రోజుకి కొన్ని గంటల పనికైతే ఇదే నయం.

600 వీఏ యూపీఎస్ ఒకటి విడిగా పెట్టారు. లోపలి బ్యాటరీ 12 వోల్టులు, 7 యాంపియర్ అవర్. సర్వర్, రౌటర్ కలిసి 45 వాట్ల లోపే కనుక బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు అరగంట దాటి నిలబడుతుంది. యూఎస్‌బీ పోర్టు ఉన్న మోడల్ తీసుకోవడం ముఖ్యం. అది ఉంటేనే నట్ అనే సాఫ్ట్‌వేర్ బ్యాటరీ తగ్గిందని తెలుసుకుని మెషిన్‌ని పద్ధతిగా ఆపగలదు. ఎర్తింగ్ కూడా చూశారు. న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య 9 వోల్టులు వచ్చింది. రెండు మూడు దాటకూడదు. ఎలక్ట్రీషియన్ ఎర్త్ గుంతలో నీళ్లు పోసి, తుప్పుపట్టిన క్లాంప్ మార్చాక ఒకటిన్నరకి దిగింది.

మెషిన్ నేల మీద పెట్టలేదు. అడుగున్నర ఎత్తు ఇనప స్టాండ్ మీద, గోడకి ఆరంగుళాల దూరంలో, ఒలిచే గది తలుపుకి ఎదురు కాకుండా పెట్టారు. ముందు జాలీకి లోపల పల్చటి ఫోమ్ ముక్క, నెలకోసారి ఉతికి ఆరేస్తారు. డీవీడీ డ్రైవ్ తీసిన చోట, వెనక ఖాళీ స్లాట్ల చోట ప్లేట్లు బిగించారు. వెచ్చగా ఉండే సందు కనిపిస్తే బల్లులు దూరతాయి, ఎస్‌ఎంపీఎస్‌లో బల్లి అడ్డంపడి షార్ట్ అవడం ఈ ప్రాంతంలో రిపేరు చేసేవాళ్లందరూ చూసేదే.

మొదటి రీస్టోర్ ఎందుకు తప్పింది

మూడు వారాల తర్వాత వేరే ల్యాప్‌టాప్‌లో రీస్టోర్ పరీక్ష చేశారు. తాజా రోజు కాపీలోని టాలీ డేటా ఫోల్డర్ తెరిస్తే కంపెనీ లోడ్ కాకుండా ఎర్రర్ ఇచ్చింది. ముందురోజుది బాగానే తెరుచుకుంది. కారణం, ఆ సాయంత్రం టాలీ మూయకుండానే 7:00 అయింది. తెరిచి ఉన్న కంపెనీ ఫైళ్లు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి కాపీ అయ్యాయి. ఒకదానితో ఒకటి పొసగవు. టాలీ తానే తీసిన బ్యాకప్ ఫైలు మాత్రం అదే రోజుది కూడా సరిగా రీస్టోర్ అయింది. అందుకే రెండూ కాపీ చేయాలి. పైగా 7:00 టాస్క్‌లో ఒక తనిఖీ చేర్చారు: టాలీ నడుస్తుంటే డేటా ఫోల్డర్ వదిలేసి మిగతా రెండే పంపి, ఆ మాట టెక్స్ట్ ఫైలులో రాస్తుంది.

రీస్టోర్ చేసేటప్పుడు పాత డేటా ఉన్న ఫోల్డర్‌నే గమ్యంగా ఇవ్వకూడదు. ఉన్నదాని మీద రాసేస్తుంది. కొత్త ఖాళీ ఫోల్డర్ ఇచ్చి, తెరిచి, చివరి వోచర్ తేదీ, క్యాష్ నిల్వ చిట్టాతో సరిచూడాలి. టాలీ కొత్త వెర్షన్‌లో రాసిన డేటా పాత వెర్షన్‌లో తెరుచుకోదు కనుక, వాడుతున్న వెర్షన్ ఇన్‌స్టాలర్ కూడా ఇన్‌వార్డ్‌లో ఉంచారు.

మిగిలిన ముక్కలు

మానిటర్ వృథా కాలేదు. సర్వర్‌కి తెర అక్కర్లేదు కాబట్టి అది అకౌంటెంటు కంప్యూటర్‌కి రెండో తెర అయింది. ఒకదాని మీద టాలీ, ఇంకోదాని మీద జీఎస్‌టీ, ఈ-వే బిల్లు పోర్టల్. రోజంతా వాడేవాళ్లకు ఈ మార్పులో ఎక్కువ నచ్చింది ఇదే. కొత్త కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. ఉత్త కేబుల్‌తో వీజీఏకి కలపలేం, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. మామూలు కేబుల్ తెచ్చి మానిటర్ పాడైందనుకునేవాళ్లు ఎక్కువ.

పాత డిస్క్‌లో ఏళ్ల బ్యాంకు వివరాలు, కూలీల ఆధార్ స్కాన్లు ఉన్నాయి. ఫార్మాట్ కొట్టి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే తిరిగి తీయడం కష్టమేమీ కాదు. డిస్క్ మొత్తం సున్నాలతో ఒకసారి నింపితే మామూలుగా చాలు. కానీ ఇది చదవలేని సెక్టార్లున్న డిస్క్, వాటిలో ఏం మిగిలిందో సున్నాలు చేరవు. అందుకని డ్రిల్‌తో పళ్లేల గుండా మూడు రంధ్రాలు వేశారు, కళ్లకు అద్దాలు పెట్టుకుని. ఆ డిస్క్, ఎస్‌ఎంపీఎస్, చెడ్డ ర్యామ్, బటన్ సెల్ ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం బటన్ సెల్ తప్ప మిగతావి రిజిస్టరైన రీసైక్లర్‌కే చేరాలి, సెల్‌కి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వేరే ఉన్నాయి.

ఆరో నెలలో పూర్తి కసరత్తు చేశారు. కొత్త కంప్యూటర్, సర్వర్ రెండూ లేవనుకుని, ఇంటి నుంచి తెచ్చిన యూఎస్‌బీ డిస్క్, ఒక ఖాళీ ల్యాప్‌టాప్ మాత్రమే వాడారు. టాలీ ఎక్కించి కంపెనీ తెరిచేసరికి నలభై నిమిషాలు. లెక్కలన్నీ కనిపించాయి. కొత్త బిల్లు వేయబోతే కుదరలేదు, లైసెన్స్ లేక టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంది. అందులో నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీ వేయొచ్చు. లైసెన్స్ తిరిగి యాక్టివేట్ చేయడానికి కావాల్సిన ఈమెయిల్ పాస్‌వర్డ్ అకౌంటెంటు కంప్యూటర్ బ్రౌజర్‌లో తప్ప ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు ఆ పాస్‌వర్డ్, క్లౌడ్ ఫైలు పాస్‌వర్డ్, సర్వర్ లాగిన్ మూడూ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, యజమాని ఇంటి బీరువాలో ఉంచారు. రెండో కవరు అకౌంటెంటు ఇంట్లో ఉంది.